రెండో దారి

మూడో షిఫ్ట్ సైరన్ మోగింది.
ల్యాంప్ రూం కిటికీ కాడ బిళ్ల ఇచ్చి
దీపం నడుముకు కట్టుకుని మనిషి బాయిల దిగిండంటే
ఇక్కడ నా గదిల ఒక వరుస చేరుతది.
యూనిక్స్ సర్వర్‌కు పేర్లతోని పని లేదు.
లోపల: నూట పదకొండు.
లోపల: నూట పన్నెండు.

గోదావరిఖని అంతా ఉక్కపోస్తాంటే
ఏసీకి నా వేళ్లు కొంకర్లు పోతున్నయి.

పెట్టె ఒక్కటే. డిస్కులు ఇరవై నాలుగు.
వాటి నెత్తిన రెండు కంట్రోలర్లు, ఏ, బి.
ఒకటి రాసుకున్నది రెండోదాని చెవిన వేయకుండ
"రాసిన" అని సర్వర్‌కు మాటియ్యదు.
సెకనుకోసారి అడుక్కుంటయి:
ఉన్నవా?
ఉన్న.
ఉన్నవా?
ఉన్న.

రెండు గంటల పదిహేడు నిమిషాలకు
బి అడిగింది. ఏ పలకలే.
మళ్ల అడిగింది.

చాయ్ గ్లాసు నోటి దాక వచ్చి ఆగింది.
తెర మీద సర్వర్:
దారి పోయింది.
దారి పోయింది.
ఆ తర్వాత లోపల ఎందరో చెప్పే వరుస కాడ
ఉత్త కర్సర్ కొట్టుకుంటాంది.

ఆఖరుకు దిగినోని బిళ్ల 4471.
వాడింకా డిస్కు మీదికి ఎక్కలే.
ఏ జ్ఞాపకంల ఉండె, ఏ పోయింది.
ఇగ వాడు ఉన్నది బి జ్ఞాపకంల ఒక్కదాంట్లనే,
గాలికి ఆరకుండ చెయ్యి అడ్డం పెట్టిన దీపం తీరు,
అరచేయంత బ్యాటరీ మీద.

ముప్పై ఒక్క సెకన్లు. నేను లెక్కపెట్టలే,
తర్వాత లాగ్‌ల చూసిన.

దారి మారింది.
లోపల: నూట పన్నెండు.

చాయ్ తాగిన. చప్పగుండె.

అటెండర్ ఓదెలు తలుపు కాడ నిలబడి ఉన్నడు.
ఒకప్పుడు టింబర్‌మన్. కప్పు కూలి ఎడమకాలు వంగింది,
వంగినంక ఈ గదికి పంపిండ్రు.
"రెండోది అందుకున్నదా మేడం?"
అందుకున్నది.
"రెండు దారులు ఎక్కడ కలుస్తయి?"
కలువయి. రెండు కార్డులు, రెండు కేబుళ్లు,
రెండు స్విచ్‌లు, రెండు కంట్రోలర్లు,
వేళ్లు మడుస్తూ చెప్పిన.

ఆయన వినలే. ర్యాక్ వెనకకు పోయి
కరెంటు వైరు మీద చెయ్యేసిండు,
చీకట్ల గోడ తడుముకుంట నడిచినట్టు
దాని వెంట వంగిండు, కూసున్నడు, పాకిండు.
రెండో వైరు మీద రెండో చెయ్యి.
రెండు చేతులు ఒక్క కాడ ఆగినయి.
ఒక్క యూపీఎస్.

"బాయికి రెండు దారులుండాలని రూలు.
మాకూ ఉండె. నక్షల మంచిగ కనవడేది.
నడుమల ఓ ముప్పై గజాలు ఒక్కటే సందు.
కప్పు అక్కడ్నే పడ్డది."

ఎవరు పెట్టిండ్రని ఆయన అడుగలే.
నేనే పెట్టిన. మొన్న ఎండాకాలం
రెండో యూపీఎస్ రిపేరుకు పోయిన్నాడు,
రెండు రోజులకేనని.
అది ఎన్నడో తిరిగొచ్చింది,
మూలకు, ప్లాస్టిక్ కవరుతోని, నా ఎదురుంగనే.
నెల నెలా రిపోర్టుల మాత్రం
"రెండు దారులు: ఉన్నయి" అని రాసి
సంతకం చేసుకుంట వస్తున్న.

ఒంటికాలు మీద నడుస్తున్న పెట్టె.
దాని రెండు వైర్లల్ల ఒకటి పీకాలె.
ఓదెలు టార్చి పట్టిండు.
"పట్టి గుంజకు. ఊపి తియ్యి."
తీసిన. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగ ఊపిరి తీసినయి.
రెండో యూపీఎస్‌కు పెట్టిన.
పచ్చ లైటు వెలిగిందాక
ఇద్దరిల ఎవరం మాట్లాడలే.

పొద్దుగాల లెక్క దిగుడు మొదలయింది.
లోపల: నలభై. లోపల: తొమ్మిది.
4471 ఎప్పుడు ఎక్కిండో చూద్దామనుకుని
మర్చిపోయిన. నిద్ర.

హైదరాబాద్ నుంచి కొత్త కంట్రోలర్ సాయంత్రం బస్సుకు వస్తదట.
అందాక బి ఖాళీ అర దిక్కు తిరిగి
అడుగుతనే ఉంటది.

ఈ నెల రిపోర్టు తీసి ఆ వరుస కొట్టేసిన.
కరెంటుకు రెండు దారులు:
నిన్న రాత్రి మూడింటి నుంచి.